రాగిరేకుల మీద రాజసం: కట్టడాల చిత్రాలలో కనిపించేవారు, కనిపించనివారు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత చెన్నపట్నపు చిత్రాలను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ఉత్సవ సంఘంవారు కోరారు. ఆ చిత్రాలలో నేను కట్టడాల చిత్రాలను మాత్రమే ఎన్నుకొంటున్నాను. పాఠ్యపుస్తకాలలో కోట బొమ్మ కనబడగానే మనం దానిని సాక్ష్యంగా స్వీకరిస్తాము. ఆనాడు కోట ఇట్లా ఉండేదని పిల్లలకు చెబుతాము. కాని ఆ బొమ్మను ఎవరో ఒకరు ధనమిచ్చి గీయించారు. ఎవరికో చూపించడానికి గీయించారు. గీయించినవారెవరు, చూడవలసినవారెవరు అనే ఈ రెండు ప్రశ్నలు వేసుకొని చూస్తే, రాయపురంలో కూర్చున్న మనకు ఆ బొమ్మలు మరొక కథ చెబుతాయి.

ముందుగా పని విధానం కొంచెం తెలియాలి. మన ఇళ్లలో పెళ్లికి వచ్చిన ఇత్తడి బిందె మీద, కంచు చెంబు మీద పేరు చెక్కించడం అందరికీ తెలిసినదే. చెక్కేవాడు సన్నని ఉలితో లోహం మీద గీత తీస్తాడు. ఐరోపాలో 15వ శతాబ్ది నుండి ఇదే పనితనాన్ని బొమ్మల అచ్చుకు వాడుకొన్నారు. నునుపు చేసిన రాగిరేకు మీద బొమ్మను కుడియెడమలు తారుమారుగా చెక్కుతారు. గీతలలో సిరా నింపి, పైన అంటిన సిరాను తుడిచివేస్తారు. తడిపిన కాగితాన్ని దానిపై పరచి రెండు రోలర్ల నడుమ బలంగా నొక్కితే గీతలోని సిరా కాగితానికెక్కుతుంది. కొందరు ఉలికి బదులు ఆమ్లంతో గీతను తినిపించేవారు. ఒక రేకు నుండి వందలకొద్దీ ప్రతులు వస్తాయి. క్రమంగా గీతలు అరిగి బొమ్మ మసకబారుతుంది. రంగుల చిత్రం ఒక గోడకే పరిమితం. రాగిరేకు బొమ్మకు కాళ్లున్నాయి. అది దేశాలు తిరుగుతుంది. ప్రభువులకు దానిమీద ప్రీతి కలగడానికి ఇది ముఖ్యకారణం.

17వ శతాబ్దిలోను, 18వ శతాబ్ది పూర్వభాగంలోను ఐరోపాలో వర్ధిల్లిన శిల్పరీతిని బరోక్ అంటారు. రెండంతస్తుల ఎత్తున లేచే స్తంభాలు, అలలవలె వంపులు తిరిగే ముఖభాగాలు, ఎక్కేవానిని చిన్నబుచ్చే సోపానాలు దాని లక్షణాలు. చూచేవాడు నోరు తెరవాలి. అదే దాని ఉద్దేశం. ఫ్రాన్సు ప్రభువైన పదునాలుగవ లూయీ ఈ విషయంలో అందరినీ మించినవాడు. చెక్కుడుపని చేతివృత్తుల సంఘాల కట్టుబాట్లకు లోబడని స్వేచ్ఛాకళ అని 1660లో ఆయన శాసనం చేశాడు. ఇస్రాయేల్ సిల్వెస్త్ర్ అనే చిత్రకారుని ఆస్థానానికి తీసుకొన్నాడు. 1664లో వెర్సాయ్ ఉద్యానంలో జరిగిన మహోత్సవాన్ని సిల్వెస్త్ర్ రేకులకెక్కించాడు. రాజాస్థానం వెర్సాయ్‌కి తరలివచ్చినది 1682లో. దాని ప్రతిష్ఠ చిత్రాలలో ముందే తరలిపోయింది. మంత్రి కొల్బేర్ పర్యవేక్షణలో రాజభవనాల, ఉద్యానాల, ఉత్సవాల చిత్రాలను పెద్ద సంపుటాలుగా కట్టించి, రాయబారులకు, పరదేశ ప్రభువులకు కానుకలుగా ఇచ్చేవారు. సైన్యం వెళ్లలేని చోటికి సంపుటం వెళ్లేది. ఆనాటి రాగిరేకులు అనేకం లూవ్ర్ మ్యూజియం అధీనంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. వాటితో ఇప్పటికీ ప్రతులు తీస్తున్నారు.

రోమునగరంలో పోపులు కట్టించిన చౌకులను, భవనాలను ఫాల్దా అనే చిత్రకారుడు 1665 నుండి ప్రచురించాడు. అతని చిత్రాలలో వీథులు ఉన్నవాటికంటె విశాలంగా, మనుషులు ఉండవలసినదానికంటె చిన్నగా కనబడతారు. ఇది పొరపాటు కాదు, ఉపాయం. మనిషిని సగం చేస్తే మందిరం రెండింతలవుతుంది. తరువాతి శతాబ్దిలో పిరనేసి ఈ ఉపాయాన్ని పరాకాష్ఠకు తీసుకొనిపోయాడు. అతని రోము చిత్రాలు చూచి మురిసి, తరువాత ఆ నగరానికి వెళ్లిన జర్మన్ మహాకవి గోథే అసలు శిథిలాలను చూచి నిరాశపడ్డానని వ్రాసుకొన్నాడు. పాపం, శిథిలాల తప్పేమున్నది!

ఇంగ్లండులో రాజులతో పాటు భూస్వాములు కూడా ఈ పనికి పూనుకొన్నారు. 1707లో నిఫ్ గీసి, కిప్ చెక్కిన 'బ్రిటానియా ఇలస్ట్రేటా' అనే సంపుటం వెలువడింది. అందులో గొప్పవారి ఇళ్లన్నీ ఆకాశం నుండి చూచినట్లు ఉంటాయి. మనిషి బెలూనులో ఎగిరినది 1783లో గదా! ఆ చూపు కన్ను చూచినది కాదు, కోరిక చూచినది. నడుమ భవనం, చుట్టూ తోటలు, దిగంతం దాకా యజమాని భూమి. దున్నేవాని గుడిసె అంచుల్లో ఎక్కడో చుక్కవలె ఉంటుంది. 1715లో కోలెన్ కాంప్‌బెల్ అనే వాస్తుశిల్పి 'విట్రూవియస్ బ్రిటానికస్' మొదటి సంపుటం తెచ్చాడు. బరోక్ ఆడంబరం తనకు గిట్టదని ఆయన చెప్పుకొన్నాడు. గ్రంథం నిండా మాత్రం ధనవంతుల భవనాలే, వారి పేర్లే! చందాదారుల జాబితాలో పేరు పడటం కూడా ఆనాడొక హోదా.

ఆ గ్రంథంలో వాన్‌స్టెడ్ అనే భవనం ఉన్నది. అది సర్ రిచర్డ్ చైల్డ్ కొరకు కాంప్‌బెల్ రూపొందించినది. రిచర్డ్ తండ్రి సర్ జోసయా చైల్డ్ ఈస్టిండియా కంపెనీకి అధిపతిగా ఉండి లెక్కకు మిక్కిలి ధనం గడించినవాడు. 1688లో మొదలైన మన చెన్నపట్నపు నగరపాలక సంస్థకు ఆలోచన ఆయనదే. కంపెనీకి లాభం తెచ్చినది ప్రధానంగా ఈ కోరమండల తీరపు నూలుబట్ట, అద్దకపు బట్ట. తెలుగు, తమిళ దేశాల మగ్గాల మీద నేసిన బట్టకు, లండను శివార్లలోని ఆ స్తంభాల భవనానికి మధ్య దారం ఉన్నది. చిత్రంలో మాత్రం కనబడదు. 1820లలో వారసుల అప్పుల కారణంగా వాన్‌స్టెడ్‌ను కూలగొట్టి రాళ్లు అమ్మివేశారు. ఈనాడు ఆ భవనపు వైభవం కాగితం మీదనే మిగిలింది.

ఇక మన ఊరికి వద్దాము. లండనులో కంపెనీవారి ప్రధాన కార్యాలయాన్ని 1720లలో పునర్నిర్మించినప్పుడు, సభామందిరపు గోడలకు ఆరు స్థావరాల చిత్రాలు కావలసి వచ్చాయి. జార్జ్ లాంబర్ట్, శామ్యూల్ స్కాట్ అనే ఇద్దరికి పని అప్పగించారు. లాంబర్ట్ కట్టడాలు వేశాడు. స్కాట్ ఓడలు వేశాడు. 1732లో ఆరింటికీ కలిపి 94 పౌండ్ల 10 షిల్లింగులు ముట్టాయి. ఆ ఆరింటిలో సెయింట్ జార్జి కోట ఒకటి. ఆ ఇద్దరిలో ఒక్కరైనా మన దేశం మొగం చూచినవారు కారు! కొద్ది ఏళ్లలోనే ఆ చిత్రాలు రాగిరేకులకెక్కి ఇంటింటి గోడలకు చేరాయి. 1754లో యాన్ వాన్ రైన్ అనే డచ్చి చిత్రకారుని పేర కోట బొమ్మ మరొకటి లండనులో ప్రచురితమైంది. పాత చెన్నపట్నం అనగానే నేడు పుస్తకాలలో తరచుగా కనబడేది ఇదే.

ఈ బొమ్మ ముందర ఒక్క నిమిషం నిలుద్దాము. ముందు సముద్రం, దానిమీద జెండాలెత్తిన ఓడలు, వాటి వెనుక కోటగోడ, లోపల భవనాలు. అంతా స్థిరంగా, నిశ్చింతగా ఉంటుంది. అయితే 1746లో ఈ కోట ఫ్రెంచివారి వశమైంది. ఐరోపాలో కుదిరిన సంధి వలన 1749లో తిరిగి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. ఐదేండ్లు గడిచాక వచ్చిన ఈ బొమ్మలో ఆ పరాభవపు ఛాయ కూడ లేదు. అందువల్లనే ఇది నాకు సాక్ష్యంకంటె ప్రకటనగా తోస్తుంది. కంపెనీలో వాటాలు కొన్నవారికి, కొనబోయేవారికి ధైర్యం చెప్పే ప్రకటన.

ఇక బొమ్మలో లేని దానిని చూద్దాము. సముద్రం మీద నుండి పడమటికి చూచేవానికి ఉత్తరం కుడిచేతి వైపు. కోటకు ఉత్తరాన, నేడు హైకోర్టు ఉన్న ప్రాంతంలో, నల్లవారి పట్నం ఉండేది. ఇంగ్లీషువారు దానిని బ్లాక్ టౌన్ అన్నారు. అందులో తెలుగువారు బహుసంఖ్యాకులు. వారిని ఆనాటి కంపెనీ కాగితాలు 'జెంటూలు' అని పేర్కొన్నాయి. దుబాసీలు, కోమటి వర్తకులు, బలిజలు, నేతగాండ్రు, అద్దకపువారు అక్కడ కాపురముండేవారు. కంపెనీకి ప్రధాన వర్తకుడైన కాశీ వీరన్న 1680లో చనిపోయినప్పుడు కోటలో ఫిరంగులు పేల్చి గౌరవించారు. ప్రాణం పోయినప్పుడు ఫిరంగి పేల్చినవారు, అటువంటివారు నివసించిన పట్నాన్ని మాత్రం చిత్రాలలో అంచుకు నెట్టారు.

చిత్రంలో అంచుకు పోయినది తరువాత నేలమీద కూడ పోయింది. కోటగోడకు ఆనుకొని ఇళ్లుంటే శత్రువు చాటు చేసుకొంటాడన్నది సైనికుల వాదన. అందులో నిజం లేకపోలేదు. ఫ్రెంచివారు తమ ఏలుబడిలో కొంత భాగం పడగొట్టారు. 1758–59లో లాలీ ముట్టడికి ముందూ వెనుకా ఇంగ్లీషువారు మిగిలినది పడగొట్టారు. చెన్నకేశవస్వామి, చెన్నమల్లేశ్వరుల ఆలయం కూడ ఆ ఊడ్పులో పోయింది. తరువాత మణలి ముత్తుకృష్ణ మొదలియారు ప్రాపుతో ఆ దేవుళ్లకు దేవరాజ మొదలి వీథిలో జంట ఆలయాలు వెలిశాయి. ఖాళీ చేసిన మైదానంలో మళ్లీ ఎవరూ కట్టుకొనరాదని 1773లో ఆరు హద్దుస్తంభాలు నాటారు. వాటిలో ఒకటి ప్యారీస్ కార్నరులోని డేర్ హౌస్ ఆవరణలో నేటికీ ఉన్నది. ఆ దారిన వెళ్లేటప్పుడు పిల్లలకు చూపించండి. స్తంభాలన్నీ వైభవానికే నిలబెట్టరు; ఇది జనాన్ని ఆపడానికి నిలబెట్టినది.

స్తంభాల మాట వచ్చింది కాబట్టి ఇంకొక కథ. 1732 ప్రాంతంలో గవర్నరు మోర్టన్ పిట్ సముద్రద్వారం నుండి కోట లోపలికి నల్లరాతి స్తంభాల వరుస ఒకటి నిలబెట్టించాడు. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొన్నప్పుడు ఆ స్తంభాలను పెరికి ఓడలకెక్కించి పుదుచ్చేరికి తీసుకొనిపోయారు. 1761లో పుదుచ్చేరి ఇంగ్లీషువారి వశమైన తరువాత అవే స్తంభాలను వెనక్కి తెచ్చుకొన్నారు! రాతికంబాల కోసం ఇంత రాకపోకలా అని మనకు నవ్వు రావచ్చు. స్తంభం కప్పును మోస్తుంది. అంతకు మించి పరువును మోస్తుంది. వాటిలో కొన్ని నేటికీ కోటలోని శాసనసభ ముఖభాగంలో చూడవచ్చు.

1792లో థామస్ డేనియల్, ఆయన సోదరుని కుమారుడు విలియం దక్షిణాదికి వచ్చారు. వీరు కనులారా చూచి గీసినవారు. 1795–1808 మధ్య వారు ప్రచురించిన 'ఓరియంటల్ సీనరీ'లో 144 చిత్రాలున్నాయి. పూర్తి సంపుటాల వెల 210 పౌండ్లు. సామాన్యుడు కలలోనైనా కొనలేడు. వారి చెన్నపట్నపు చిత్రాలలో కోట, గవర్నరు భవనం, గుర్రప్పందేల మైదానంలోని సభామందిరం వంటివే అధికం. బ్లాక్ టౌన్‌లో ఒక భాగం అనే పేరుతో ఒక చిత్రం ఉన్నది. ఆ మేరకు వారికి కృతజ్ఞులము. ఆ కాలపు బొమ్మలలో తెల్లగా మెరిసే స్తంభాలను చూచి, అవి పాలరాయి అని చాలామంది భ్రమపడతారు. విలియం హాడ్జెస్ అనే మరొక చిత్రకారునికి మన ఊరు దూరం నుండి ప్రాచీన గ్రీకు నగరంవలె తోచింది. ఆ గ్రీకు వైభవమంతా ఇటుక మీద పూసిన గుల్లసున్నం! సముద్రపు గుల్లలు ఏరి, కాల్చి, నూరి, నునుపు తేలే వరకు రాచినవారు ఈ తీరపు కూలీలు. వారి చేతులే లేకపోతే ఆ గ్రీసు లేదు.

వారు చిత్రాలలో కనబడతారా అంటే, కనబడతారు; ఒకే ఒక పాత్రలో. చెన్నపట్నానికి అప్పటికి రేవు లేదు. ఓడలు దూరాన లంగరు దించేవి. ఇనుప మేకు లేకుండా తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలలో అలలు దాటించి జనాన్ని, సరుకును ఒడ్డు చేర్చేవారు. తీరపు దృశ్యాలలో ఆ పడవలు, తెడ్లు వేసే మనుషులు చీమలంతగా కనిపిస్తారు. కోట ఎంత ఎత్తుగా ఉన్నదో చూపడానికి చిత్రకారునికి వారు కొలబద్ద. రాయపురం తీరంలో సముద్రాన్ని నమ్ముకొని బ్రతికిన కుటుంబాలకు ఆ చిత్రాలలో ముత్తాతలెవరైనా ఉంటే ఆ తెడ్ల దగ్గరనే ఉండాలి. భూతద్దం తీసుకొని చూస్తే గాని వారి మొగాలు లేవన్న సంగతి తెలియదు.

ఇంతవరకు చెప్పినదంతా ఇతరులు గీసిన చిత్రాల మాట. మనవాడొకడు ఈ ఆయుధాన్ని చేతికి తీసుకొన్న సందర్భం ఉన్నది. అందుకే ఈ ఉపన్యాసానికి ఒప్పుకొన్నాను. 1834లో లండనులో 'హిందువుల వాస్తుశిల్పంపై వ్యాసం' అనే ఆంగ్లగ్రంథం వెలువడింది. కర్త రామరాజు, ఆంగ్లంలో రామ్ రాజ్ అని అచ్చయింది. తంజావూరులో జన్మించి, చిన్న ఉద్యోగంతో జీవితం ప్రారంభించి, సెయింట్ జార్జి కోట కళాశాలలో ఇంగ్లీషు బోధించి, బెంగుళూరులో న్యాయాధికారి అయినవాడు. తెలుగు వ్యాకరణాలు, నిఘంటువులు వెలువడటానికి దోహదం చేసిన కళాశాల అదే.

ఆయన 'మానసారం' మొదలైన శిల్పశాస్త్రాల తాళపత్ర ప్రతులు సంపాదించాడు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, సంస్కృతం తెలిసిన పండితులకు పని తెలియదు. పని తెలిసిన శిల్పులకు శ్లోకం అర్థం కాదు. ఇద్దరి వద్దా కూర్చొని, తంజావూరు శిల్పి ఒకని సాయంతో పదం వెంట పదం విడదీసి, పీఠమెంత, స్తంభమెంత, బోదెమెంత అని కొలతలతో సహా నిర్ణయించాడు. 48 చిత్రఫలకాలు సిద్ధం చేయించాడు. ఆ ఫలకాలను చూస్తే ఐరోపా వాస్తుగ్రంథాల పద్ధతే: తెల్లని కాగితం, సన్నని గీత, కొలతల గుర్తులు, స్తంభం పక్కన స్తంభం. అలంకారం కోసం నిలబెట్టిన నౌకరు లేడు, కొబ్బరిచెట్టు లేదు, మబ్బులు లేవు. గ్రీకు, రోమను స్తంభాలకున్నట్లే మా స్తంభాలకు కూడ శాస్త్రమున్నది, ప్రమాణమున్నది అని, వారికి తెలిసిన చిత్రభాషలోనే వారికి చెప్పాడు. గ్రంథం అచ్చయి వచ్చేనాటికి ఆయన జీవించి లేరు. కోట గీసినవారి పేర్లు తెలిసిన విద్యార్థికి ఈ పేరు తెలియకపోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. చరిత్ర బోధించే మిత్రులు దయచేసి గమనించాలి.

చివరిగా మన వీథికి వద్దాము. 1856 జూన్ 28న గవర్నరు లార్డ్ హారిస్ రాయపురం రైల్వే స్టేషనును ప్రారంభించారు. జూలై 1 నుండి వాలాజా రోడ్డు వరకు రైళ్లు నడిచాయి. దక్షిణభారతంలో ప్రయాణికుల రైళ్లకు ఇదే మొదటి దారి. ఆ సెప్టెంబరులో లండనులోని 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' పత్రిక ఈ ప్రారంభాన్ని చిత్రాలతో సహా ప్రకటించింది. ఇవి రాగిరేకువి కావు. కొయ్య దిమ్మల మీద చెక్కి, అక్షరాలతో పాటే ఒకే అచ్చులో వేసినవి. రాజుల సంపుటం స్థానంలో వారపత్రిక వచ్చింది. వేలమంది చూశారు. అయినా చిత్రించిన విషయం మారలేదు: వరుసగా స్తంభాలు, విశాలమైన చావడి, ముస్తాబైన అతిథులు. టికెట్టు కొనుక్కొని ఆవిరిబండి ఎక్కడానికి ఎత్తైన స్తంభాలు ఎందుకు? కట్టినది వ్యాపారసంస్థ, అది కోరినది రాజభవనపు మర్యాద. 1873లో సెంట్రల్ స్టేషను వచ్చాక ఆ మర్యాద క్రమంగా అటు తరలింది. దేశంలో నిలిచివున్న స్టేషను భవనాలలో మిక్కిలి పాతది మనదే. మన పిల్లలలో ఎందరు ఆ స్తంభాల నడుమ నిలిచి పైకి చూశారో నాకు తెలియదు.

ఈ స్తంభాల మోజు మన ఇళ్లలోకి కూడ వచ్చింది. మీ తాతగారి పెళ్లినాటి ఫోటో ఉంటే తీసి చూడండి. వెనుక స్టూడియోవారి తెర మీద పాలరాతి స్తంభాలు, మెట్లవరుస, పూలకుండీ రంగులతో వేసి ఉంటాయి. రెండు గదుల అద్దె ఇంట్లో కాపురం చేసిన మనిషి ఆ ఒక్క నిమిషం వెర్సాయ్ మెట్ల ముందు నిలుచున్నాడు! దానిని నేను ఎగతాళి చేయను. ఫాల్దా చిన్నవాడిని చేసిన మనిషి ఇక్కడ తెర ముందుకు వచ్చి, స్తంభాన్ని వెనుకకు నెట్టి, నిండుగా కూర్చున్నాడు. మొగం స్పష్టంగా ఉన్నది.

ఉత్సవ సంఘానికి ఒక విన్నపం. సంచికలో మన పాఠశాల భవనపు చిత్రం తప్పక వేస్తారు, వేయండి. దానితో పాటు పాత తరగతుల గ్రూపు ఫోటోలు కూడ వేయబోతున్నారని విన్నాను. వాటిలో కూర్చున్న పెద్దల పేర్లు ఎట్లాగూ దొరుకుతాయి. వెనుక వరుసలో నిలుచున్న పిల్లల పేర్లు, చివరన తలుపు దగ్గర నిలబడిన గంట కొట్టే మనిషి పేరు, ఆయా పేరు గుర్తున్న పూర్వవిద్యార్థులు ఈ సభలోనే ఉన్నారు. భోజనాలకు లేచేముందు ఆ ఫోటోలను ఒకరి చేతినుండి ఒకరి చేతికి తిప్పండి. ప్రతి పేరును వెనుక పెన్సిలుతో వ్రాసి సంపాదకులకు అందించండి.